తెల్లవారుజాము వ్యాయామం: నాలుగుసార్లు మొదలుపెట్టాను, నాలుగుసార్లూ మానేశాను

ప్రశ్న: మురళీనగర్ నివాసి, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. నా వయస్సు 43 సంవత్సరాలు. ఒక ప్రైవేటు సంస్థలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. ఉదయం తొమ్మిదిన్నరకు కుర్చీలో కూర్చుంటే, భోజన విరామం మినహాయించి సాయంత్రం ఏడు గంటల వరకు లేచే పని పెద్దగా ఉండదు. ఈ మధ్య చేయించుకున్న రక్తపరీక్షలో మూడు నెలల సగటు చక్కెర 6.1 శాతం వచ్చింది. మధుమేహం ఇంకా లోపలికి రాలేదనీ, గుమ్మం దాకా మాత్రం వచ్చిందనీ, ప్రస్తుతానికి మాత్రలు అక్కర్లేదు గానీ రోజూ నడవక తప్పదనీ డాక్టరు గారు చెప్పారు. నాకు చేతిలో ఉన్న సమయం తెల్లవారుజాము ఒక్కటే. సాయంత్రం ఏ రోజు ఎంత ఆలస్యంగా ఇల్లు చేరతానో నాకే తెలియదు.

అసలు ఇబ్బంది ఏమిటంటే, ఈ పనిని నేను ఇప్పటికే నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ వదిలేశాను. మొదటిసారి రెండేళ్ళ కిందట జనవరి 1న మొదలుపెట్టాను. నాలుగున్నరకు అలారం పెట్టుకుని, స్కూటర్ మీద ఇరవై నిమిషాలు ప్రయాణించి బీచ్ రోడ్డుకు చేరుకుని, తొలిరోజునే పరుగు అందుకున్నాను. పదకొండో రోజుకు కుడి మోకాలు నొప్పి పట్టింది. ఆపై సంక్రాంతికి శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరికి వెళ్ళాము. తిరిగి వచ్చాక ఆ అలారం మళ్ళీ పెట్టుకోలేదు. రెండోసారి, డబ్బు పోతుందన్న బాధైనా నిద్ర లేపుతుందని జిమ్‌లో ఏడాది రుసుము ఒకేసారి కట్టాను. అది మూడు వారాలపాటు లేపింది. మూడోసారి కార్తీక మాసంలో మా వీధిలో ఉండే మిత్రుడితో కలిసి నడక మొదలుపెట్టాను. ఆయన రోజూ ఐదింటికి మా గేటు దగ్గర నిలబడి పిలిచేవారు. 75 రోజులు చక్కగా సాగింది. ఆయనకు హైదరాబాదు బదిలీ అయింది, ఆయనతోపాటే నా నడక కూడా బదిలీ అయిపోయింది. నాలుగోసారి ఈ జూన్‌లో. అల్పపీడనం వల్ల నాలుగు రోజులు విడవకుండా వాన కురిసింది. ఐదో రోజు తెల్లగా తెల్లవారింది గానీ నేను మాత్రం లేవలేదు.

నన్ను తికమక పెడుతున్నది మరొకటి ఉంది. మొన్న ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేశాను. కొండ దిగువన తొలి మెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, 32 కిలోమీటర్లూ ఎక్కడా వాహనం ఎక్కకుండా పూర్తి చేశాను. ఒక్క ఊపులో 32 కిలోమీటర్లు నడవగలిగినవాడు రోజుకు మూడు కిలోమీటర్లు ఎందుకు నడవలేకపోతున్నాడు? ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని అందరూ అంటారు కదా, 75 రోజులు చేసిన పని నాకెందుకు అలవాటు కాలేదు? ఇది పట్టుదల లోపమా, పద్ధతి లోపమా? ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు, లాసన్స్ బే కాలనీ

నేను బీచ్ రోడ్డులో పందొమ్మిది సంవత్సరాలుగా నడుస్తున్నాను. నడుమ రెండు శస్త్రచికిత్సలు, ఒక హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాయి. కాబట్టి మీకు సమాధానం చెప్పే అర్హత కొంత ఉందనుకుంటాను.

గిరి ప్రదక్షిణ మాట మీరే తెచ్చారు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ రోజు మీరు సొంతంగా నడిచారని అనుకోవద్దు. ముందూ వెనుకా కదిలే జనం, దారి పొడవునా మజ్జిగా మంచినీళ్ళూ అందించే చేతులు, మనసులో మొక్కు, ఇవన్నీ కలిసి మిమ్మల్ని నడిపించాయి. ఏడాదికి ఒకసారి వచ్చే పనికి పట్టుదల చక్కగా సరిపోతుంది. రోజూ చేయవలసిన పనికి అదే పెట్టుబడి అనుకుంటే నెల తిరగకుండానే ఖజానా ఖాళీ అవుతుంది.

మా అమ్మగారు ఎనభయ్యో ఏట కూడా రోజూ వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు వేసేవారు. పండుగనాడు రథం ముగ్గు, మామూలు రోజున నాలుగు చుక్కల ముగ్గు, ఒంట్లో నలతగా ఉన్న రోజున ఒక్క గీత. ముగ్గు చిన్నదైన రోజులు చాలానే ఉన్నాయి, వాకిలి బోసిగా ఉన్న రోజు మాత్రం నాకు గుర్తులేదు. మీరు నాలుగుసార్లూ రథం ముగ్గుతోనే మొదలుపెట్టారు. నాలుగున్నర అలారం, ఇరవై నిమిషాల స్కూటర్ ప్రయాణం, పరుగు, ఏడాది రుసుము. ఒక్క గీత గీసే ఏర్పాటు ఎక్కడా లేదు. అందుకే వాన వచ్చిన రోజున మీకు పూర్తిగా చేయడం, పూర్తిగా మానడం అనే రెండు దారులే మిగిలాయి.

బీచ్ రోడ్డును ఆదివారానికి ఉంచుకోండి. తెల్లవారుజామున అక్కడ కొంతసేపు వాహనాలను ఆపుతారు కనుక కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం మీదుగా రోడ్డు నడుమన హాయిగా నడవవచ్చు, నిజమే. కానీ వెళ్ళిరావడానికే నలభై నిమిషాలు ఖర్చయ్యే నడక మిగిలిన ఆరు రోజులకూ పనికిరాదు. మీ గేటు తీయగానే మొదలయ్యే దారిని ఎంచుకోండి. మాధవధార వైపు కొండ కనిపిస్తూ ఉండే వీధులు మీకు దగ్గరలోనే ఉన్నాయి. అవి సముద్రం కంటే ఎందులో తక్కువో నాకు తెలియదు.

ఇక నిద్ర విషయం. తెల్లవారుజామున లేవడమనేది ముందురోజు రాత్రి పని. మీరు ఎన్ని గంటలకు పడుకుంటారో ప్రశ్నలో ఎక్కడా రాయలేదు, నాకు మొదట అనుమానం కలిగింది అక్కడే. పెద్దవారికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. ఐదింటికి లేవాలంటే పదింటికి దీపం ఆర్పవలసిందే. పన్నెండింటి వరకు ఫోను చూసి నాలుగున్నరకు లేచినవారు కొద్దిరోజులు నెగ్గినట్టు కనిపిస్తారు, ఆ తరువాత శరీరం తన బాకీ వసూలు చేసుకుంటుంది. ఒక్కసారిగా గంటన్నర ముందుకు జరగకుండా నాలుగైదు రోజులకు ఒక పావుగంట చొప్పున జరగండి. లేచిన వెంటనే వెలుతురులోకి వెళ్ళండి. ఉదయపు వెలుతురు కంటిలో పడితే లోపలి గడియారం ముందుకు జరుగుతుంది, ఆ రాత్రి నిద్ర కూడా త్వరగా వస్తుంది.

ఇందులోనే మన ఊరికి సంబంధించిన చిన్న లెక్క ఒకటి ఉంది. విశాఖపట్నం తూర్పు తీరంలో ఉంది కనుక జూన్ నెలలో 5 గంటల 20 నిమిషాల ప్రాంతానికే సూర్యుడు ఉదయిస్తాడు. జనవరి నడుమ అదే ఉదయం 6 గంటల 30 నిమిషాలకు గానీ కాదు. అంటే గంటకు పైగా తేడా. మీరు జనవరిలో నాలుగున్నరకు లేచారంటే సూర్యోదయానికి రెండు గంటల ముందు, నడిరాత్రి వంటి చీకటిలో శరీరాన్ని బలవంతంగా లాగారన్నమాట. నా వరకు నేను గడియారాన్ని పట్టించుకోను, తూర్పు తెల్లబడినప్పుడు గేటు తీస్తాను.

21 రోజుల మాటకు వస్తాను. ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, తన రోగులు మారిన ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశారు. ఊరూరా తిరిగేసరికి అందులోని ‘కనీసం’ రాలిపోయింది, ముఖం సంగతీ రాలిపోయింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందితో చేసి 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఒక పని తనంతట తాను జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. అయితే మనిషికీ మనిషికీ ఉన్న తేడా 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. నీళ్ళు తాగడం వంటివి త్వరగా కుదురుకున్నాయి, వ్యాయామం ఆలస్యంగా కుదురుకుంది. కనుక మీ 75 రోజులు తక్కువేమీ కాదు. ఆ అలవాటును లేపుతున్నది మీ మిత్రుడి పిలుపు. పిలుపు హైదరాబాదు వెళ్ళిపోయింది, వినవలసిన అలవాటు ఇక్కడ పడుకుంది.

సమాధానం: షిఫ్టు ఉద్యోగి, ఉక్కునగరం

మాస్టారు చెప్పినదానితో నేను చాలావరకు ఏకీభవిస్తాను గానీ, తూర్పు తెల్లబడినప్పుడు గేటు తీసే అదృష్టం అందరికీ ఉండదని మనవి చేస్తున్నాను. స్టీలు ప్లాంటులో నాకు ఏ, బీ, సీ షిఫ్టులు మారుతూ ఉంటాయి. ఏ షిఫ్టు ఉదయం ఆరింటికి మొదలవుతుంది. బీ షిఫ్టు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది వరకు. సీ షిఫ్టు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు. గడియారానికో సూర్యుడికో కట్టేస్తే నా వ్యాయామం వారం కూడా నిలవదు. ఐదారేళ్ళు అలాగే కట్టి, తెంపి, చివరకు నేర్చుకున్నదేమిటంటే దానిని మరో పనికి ముడివేయాలి.

నా ముడి ఇది: నిద్ర లేచి టీ తాగిన గ్లాసు సింకులో పెట్టగానే బూట్లు వేసుకుంటాను. లేచింది నాలుగింటికా ఎనిమిదింటికా అన్నది అనవసరం. గ్లాసు పెట్టిన చెయ్యి బూట్ల లేసు మీదికి వెళ్ళాలి. ‘రేపటి నుంచి నడుస్తాను’ అనుకోవడానికీ, ‘ఫలానాది జరగగానే ఫలానా చోట ఇది చేస్తాను’ అని నిర్ణయించుకోవడానికీ చాలా తేడా ఉందని పీటర్ గోల్విట్జర్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1990లలో విస్తృతంగా రాశారు. నేను ఆ సంగతి తరువాత తెలుసుకున్నాను. అంతకుముందే నాకు మా ఆవిడ చెప్పింది: ‘బూట్లు మంచం కింద ఉంటే మీరు కూడా మంచం మీదే ఉంటారు, వాటిని సింకు పక్కన పెట్టండి’ అని. వంటింట్లో బూట్లేమిటని మా అమ్మ వారం రోజులు సణిగింది. చివరకు వంటింటి గుమ్మం అవతల పెట్టుకోవడానికి సంధి కుదిరింది.

మాస్టారి ‘ఒక్క గీత’ నా లెక్కలో పది నిమిషాలు. క్వార్టర్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి వస్తే పది నిమిషాలు పడుతుంది. ఏ షిఫ్టు రోజున ఉదయం అంతకుమించి వీలుపడదు. బీ షిఫ్టు వారం మాత్రం గంట నడుస్తాను. సీ షిఫ్టు చేసి వచ్చిన ఉదయం అసలు నడవను. రాత్రంతా మేలుకున్న శరీరాన్ని మళ్ళీ ఎండలో తిప్పడం వ్యాయామం అనిపించుకోదు. ఆ రోజుల్లో నిద్రపోయి, మధ్యాహ్నం లేచి టీ తాగిన గ్లాసు పెట్టాక వెళతాను. కొందరు మిత్రులు దీనిని ఎగవేత అంటారు. అననివ్వండి, నా లెక్క నాకుంది.

లెక్క అన్నాను కదా, గోడకు వేలాడే తెలుగు క్యాలెండరులో తిథి పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు పెడతాను. పాలవాడి లెక్క కూడా ఆ గడిలోనే ఉంటుంది కనుక ఇంట్లో అందరి కళ్ళూ దాని మీద పడతాయి. ఒక రోజు ఖాళీ వచ్చినా బాధపడను. మాస్టారు చెప్పిన లండన్ అధ్యయనంలో కూడా, ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదురుకోవడానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదని తేలింది. వరుసగా రెండో గడి ఖాళీగా ఉండబోతోందంటే మాత్రం, రాత్రి తొమ్మిదింటికైనా సరే, ఆ పది నిమిషాల చుట్టు తిరిగి వస్తాను. మీ జూన్ నెల వానలో పోయినవి నాలుగు రోజులు కావు, ఐదో రోజు ఒక్కటే.

మురళీనగర్ నివాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు పట్టుకున్నది నిజం. నేను పడుకునేసరికి పన్నెండు దాటుతుంది. రాయడానికి సిగ్గుపడి రాయలేదు.

రెండు సందేహాలు మిగిలాయి. మోకాలు ఇప్పుడు నొప్పి లేదు గానీ మెట్లు దిగేటప్పుడు అప్పుడప్పుడు చురుక్కుమంటుంది. మళ్ళీ పరుగెత్తవచ్చా, బీచ్ ఇసుకలో పరుగెత్తితే మోకాలికి మెత్తగా ఉంటుందని కొందరంటున్నారు, అది సరైనదేనా? రెండోది, చక్కెర సమస్య అంచున ఉన్నవాడిని పరగడుపున నడవవచ్చా? మా ఇంట్లో రాగిజావ తాగి వెళ్ళమంటున్నారు.

సమాధానం: ఫిజియోథెరపిస్టు, సీతమ్మధార

మిమ్మల్ని చూడకుండా మీ మోకాలి గురించి తీర్పు చెప్పడం భావ్యం కాదు. మెట్లు దిగేటప్పుడు నొప్పి పెరుగుతున్నా, వాపు వచ్చినా, మోకాలు పట్టు తప్పినట్టు అనిపించినా ఎవరికైనా చూపించుకోండి. అందరికీ వర్తించే మాటలు మాత్రం కొన్ని చెబుతాను.

నిద్ర లేచిన వెంటనే శరీరం పనికి సిద్ధంగా ఉండదు. రాత్రి తగ్గిన శరీర ఉష్ణోగ్రత అప్పుడప్పుడే పెరుగుతూ ఉంటుంది, కండరాలూ కీళ్ళూ బిగుసుకుని ఉంటాయి. పడుకున్న సమయంలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. ఉదయం మన ఎత్తు సాయంత్రం కంటే సుమారు ఒక సెంటీమీటరు ఎక్కువ ఉండటానికి కారణం అదే. అలా ఉబ్బిన డిస్కుల మీద నడుము పూర్తిగా వంచితే ఒత్తిడి ఎక్కువ పడుతుంది. అందువల్ల మంచం దిగగానే సూర్యనమస్కారాలు, బస్కీలు మొదలుపెట్టే మగధీరులకు నేను చెప్పేది ఒకటే: ముందు పది నిమిషాలు నెమ్మదిగా నడవండి, వంగే పనులు నడక తరువాత పెట్టుకోండి. నా దగ్గరకు నడుము పట్టేసి వచ్చేవారిలో కొందరు సరిగ్గా ఈ ఉత్సాహంతోనే వస్తారు.

నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ నేల నుంచి కాలి మీద పడే బలం శరీర బరువుకు కొంచెం ఎక్కువగా ఉంటే, పరుగులో అది రెండు మూడు రెట్లు ఉంటుంది. అంత బరువును మోయవలసిన తొడ కండరాలు పదేళ్ళుగా కుర్చీలో ఉన్నాయి. గుండె, ఊపిరితిత్తులు నాలుగైదు వారాలలో పుంజుకుంటాయి గానీ స్నాయువులూ కీళ్ళూ అంత త్వరగా పుంజుకోవు. అందుకే ‘నాకు ఆయాసం రావడం లేదు, ఇంకా పరుగెత్తగలను’ అనిపించే రెండో వారంలోనే చాలామంది దెబ్బతింటారు. మీ పదకొండో రోజు కూడా అటువంటిదే. మూడు నెలలపాటు పరుగు ఆలోచన పక్కన పెట్టండి. కుర్చీలో నుంచి చేతులు ఊనకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి దండీలు తీయడం, వారానికి రెండు రోజులు చేస్తే చాలు.

ఇసుక సంగతి పొడి ఇసుకకు ఒక రకం, తడి ఇసుకకు ఒక రకం. పొడి ఇసుకలో కాలు దిగబడి పిక్కా మడమ వెనుక స్నాయువూ సాగుతాయి. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది గానీ సముద్రం వైపుకు వాలి ఉంటుంది కనుక ఒక కాలు పల్లంలో, ఒక కాలు మెరకలో పడుతుంది. అలవాటు లేనివారికి తారు రోడ్డే మేలు.

ఎంత వేగంగా నడవాలంటే, పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఈ స్థాయి శ్రమ అవసరం. అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే తక్కువ హద్దును చేరుకున్నట్టే. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మన ఊళ్ళో తెల్లవారుజామున కూడా ఉక్కపోత వల్ల చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. అప్పుడు వేగం తగ్గించుకోవడం బలహీనత అనుకోవద్దు.

పరగడుపు విషయంలో మీరు మాత్రలు వాడటం లేదు కనుక అరగంట, నలభై నిమిషాల నడకకు సాధారణంగా ఇబ్బంది ఉండదు, ఒక గ్లాసు నీళ్ళు తాగి వెళ్ళండి. రాగిజావ తిరిగి వచ్చాక తాగవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు మాత్రం డాక్టరును అడగకుండా పరగడుపున నడవకూడదు, చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. వారు జేబులో గ్లూకోజు బిళ్ళలు ఉంచుకోవాలి. నడిచేటప్పుడు ఛాతీ బరువెక్కినా, ఎడమ చెయ్యో దవడో లాగినా, కళ్ళు తిరిగినా అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి, ‘గ్యాసు’ అని సోడా తాగకూడదు.

ఉక్కునగరం సోదరుడి ‘రెండో గడి ఖాళీ కాకూడదు’ అన్న నియమానికి శరీరం వైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. నడక వల్ల కండరాలు చక్కెరను చురుకుగా తీసుకునే గుణం ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అందుకే చక్కెర సమస్య ఉన్నవారు వరుసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వవద్దని చెబుతారు. రాత్రి భోజనం తరువాత పది పదిహేను నిమిషాలు నడిస్తే మీకు ఇంకా మంచిది.

సమాధానం: ఎం.వి.పి. కాలనీ ఉద్యోగిని

అందరూ చక్కగా రాశారు. కానీ ఇంతసేపూ చదువుతుంటే, తెల్లవారుజాము అనేది ఎవరి పనీ లేని ఖాళీ స్థలమైనట్టూ, నిద్ర ఒక్కటే దానిని ఆక్రమించినట్టూ అనిపించింది. మా ఇంట్లో ఐదున్నర నుంచి ఏడున్నర వరకు కుక్కరు, రెండు క్యారేజీలు, ఒక స్కూలు ఆటో, కుళాయి నీళ్ళు ఉంటాయి. నేను పట్టుదల లేక నడవలేదనుకున్న ఆరేళ్ళూ నిజానికి నా చేతులు ఖాళీ లేక నడవలేదు.

మురళీనగర్ అన్నగారూ, మీరు నడిచిన 75 రోజులూ మీ ఇంట్లో ఆ పనులు ఎవరు చేశారు? మీరు లేచిన చప్పుడుకు ఎవరికి మెలకువ వచ్చింది? ఆ మనిషితో ముందుగా మాట్లాడుకోకుండా మొదలుపెట్టిన వ్యాయామం ఏదో ఒక రోజు ఇంట్లో మాటామాటా రావడంతో ఆగుతుంది. మేము చేసుకున్న ఒప్పందం ఇలా ఉంది. సోమ, బుధ, శుక్రవారాలు నేను నడుస్తాను, ఆ రోజుల్లో క్యారేజీలు మా వారివి. మంగళ, గురు, శనివారాలు ఆయన నడుస్తారు. కూరగాయలు రాత్రే తరిగి పెడతాము, ఇడ్లీ పిండి ఆదివారం సాయంత్రమే రుబ్బుకుంటాము. మొదటి రెండు వారాలు పిల్లలు మాడిన ఉప్మా తిన్నారు. ఏమీ కాలేదు.

తోడు విషయంలో మాస్టారితో నాకు కొంత భేదాభిప్రాయం ఉంది. ఇంకా పూర్తిగా వెలుతురు రాని వేళ ఒంటరిగా వీధిలో నడవడం మగవారికి ఎంత సులువో మాకు అంత సులువు కాదు. మాకు తోడు కావలసిందే. అయితే ఒక్కరే తోడైతే మీకు జరిగినట్టే జరుగుతుంది. మా అపార్టుమెంటులో ఐదుగురం కలిశాము. ఐదు నలభైకి గేటు దగ్గర ఎవరున్నారో వారితో బయలుదేరడమే, ఫోను చేసి లేపడం ఉండదు, రానివారిని మర్నాడు సంజాయిషీ అడగడం ఉండదు. రెండున్నరేళ్ళలో ఐదుగురం కలిసి నడిచిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, ఎవరూ నడవని రోజులు కూడా అంతే.

ఎవరూ ప్రస్తావించని వీధి కుక్కల సంగతి కూడా చెప్పాలి. అవి వెంటపడితే పరుగెత్తవద్దు. నిలబడి, కళ్ళలోకి సూటిగా చూడకుండా, నెమ్మదిగా పక్కకు తప్పుకోండి. ఒక వీధిలో గుంపు ఉంటుందని తెలిస్తే ఆ వీధి మానేయండి. కరిచినా గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంటపాటు కడిగి, అదే రోజు టీకా కోసం వెళ్ళాలి. మాలో ఒకావిడ ‘చిన్న గీరుడే కదా’ అని ఊరుకోబోతే లాక్కెళ్ళాము.

మురళీనగర్ నివాసి (పదకొండు వారాల తరువాత)

సమాధానాలు ఇచ్చినవారికి ఏమి జరిగిందో చెప్పడం మర్యాద అనిపించి తిరిగి రాస్తున్నాను.

ఎం.వి.పి. కాలనీ చెల్లెమ్మ గారి ప్రశ్న మా ఆవిడకు చదివి వినిపించాను. 75 రోజులూ పాలు కాచింది, అమ్మాయి జడ వేసింది, నేను వచ్చేసరికి కాఫీ పెట్టింది తానేనని, అందులో ఒక్కరోజైనా నువ్వు కూడా రా అని నేను అడగలేదని చెప్పింది. ఆ సాయంత్రం కాస్త మౌనంగా గడిచింది. ఇప్పుడు వారంలో మూడు రోజులు అమ్మాయి జడ నా పని. రెండు పాయలుగా తీయడం వరకు వచ్చింది, రిబ్బను ముడి ఇంకా సరిగా రావడం లేదు.

పడుకునే సమయాన్ని పన్నెండున్నర నుంచి పదింబావు దాకా తేవడానికి ఆరు వారాలు పట్టింది. నిజం చెప్పాలంటే నడక కంటే ఇదే కష్టమైంది. ఫోను ఛార్జరును హాల్లోకి మార్చాక గానీ దారికి రాలేదు. ఉదయం ఐదుం ముప్పావుకు లేచి, పాలప్యాకెట్లు లోపలికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టగానే బూట్లు వేసుకుంటున్నాను. నా ముడి అది. మొదటి రెండు వారాలు వీధి చివరి దాకా వెళ్ళి రావడం, అంటే పది నిమిషాలు మాత్రమే. మధ్యలో చాలాసార్లు ఇంకా నడవాలనిపించింది గానీ మాస్టారి అమ్మగారి ముగ్గు తలచుకుని వెనక్కి తిరిగాను. ఇప్పుడు ముప్పై ఐదు నిమిషాలు నడుస్తున్నాను.

మొత్తం 77 రోజులలో 64 రోజులకు క్యాలెండరులో టిక్కులు ఉన్నాయి. వాయుగుండం వచ్చిన వారంలో మూడు రోజులు మా అపార్టుమెంటు కింద పార్కింగు స్థలంలో కార్ల మధ్య తిరిగాను. కాపలాదారు ఏమైనా పోయిందా అని అడిగాడు. దసరాకు ఊరు వెళ్ళినప్పుడు బూట్లు తీసుకువెళ్ళాను, చెరువు గట్టు మీద నడిచాను. రెండు గడులు వరుసగా ఖాళీ అయింది ఒక్కసారే, జ్వరం వచ్చినప్పుడు. జ్వరం తగ్గిన రోజున లేవడానికి పాత భయం వేసింది గానీ, వీధి చివరి దాకా వెళ్ళి వచ్చాను.

మోకాలు చురుక్కుమనడం తగ్గింది. పరుగు ఇంకా మొదలుపెట్టలేదు. రక్తపరీక్ష వచ్చే నెలలో ఉంది, ఫలితం ఎలా ఉన్నా ఇక్కడ రాస్తాను. ఆదివారాలు మాత్రం ముగ్గురం కలిసి బీచ్ రోడ్డుకు వస్తున్నాము. మాస్టారూ, మీరు ఏ వేళకు ఎక్కడ ఉంటారో చెబితే కలిసి నమస్కారం చేసుకుంటాను.

విశ్రాంత అధ్యాపకుడు, లాసన్స్ బే కాలనీ

తప్పకుండా రండి. ఇప్పుడైతే ఐదుం ముప్పావుకు సబ్‌మెరైన్ మ్యూజియం ఎదుట ఉంటాను. సంక్రాంతి రోజుల్లో అయితే ఆరుంబావుకు రండి, అంతకుముందు చీకటిగా ఉంటుంది, నేను కూడా ఉండను. అమ్మాయిని కూడా తీసుకురండి, రిబ్బను ముడి మా ఆవిడ నేర్పుతుంది.